కొత్త రివాల్వర్లలో లోపాలు: తనిఖీ భారం కొన్నవాడిదేనా?

అమెరికాలో కొత్త రివాల్వర్ కొనబోయేవారికి అనుభవం ఉన్నవారు ముందుగా చెప్పే మాట ఒకటే: డబ్బు కట్టక ముందే, దుకాణం కౌంటర్ దగ్గరే దాన్ని ఆసాంతం పరీక్షించి చూసుకోండి. బ్యారెల్‌ను, అంటే తుపాకీ గొట్టాన్ని, ఫ్రేములో సరిగ్గా బిగించారా, లేక గురి చూసుకునే ముందు సైటు ఒక పక్కకు ఒరిగి ఉందా? తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఖాళీ ఆరు గదుల దగ్గరా ఒకే తీరుగా ఉందా? తూటాను పేల్చే దెబ్బ కొట్టే హ్యామర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగినప్పుడు ప్రతి గదీ దాని స్థానంలోకి వచ్చి గట్టిగా నిలుస్తోందా? సన్నని ఖాళీలను కొలిచే ఫీలర్ గేజ్ జేబులో పెట్టుకుని వెళ్లమని చెప్పేవారూ ఉన్నారు. వెయ్యి డాలర్లు, అంతకంటే ఎక్కువ ధర పలికే వస్తువుకు కర్మాగారంలోనే జరిగి ఉండవలసిన ఈ పరీక్షలు కొనుగోలుదారుడి మీద పడటాన్ని అక్కడ చాలామంది మామూలు విషయంగా తీసుకుంటున్నారు. ఇది ఏ ఒక్క కార్మికుడి నిర్లక్ష్యమో, ఏ ఒక్క కంపెనీ పిసినారితనమో కాదని నా అభిప్రాయం. తుపాకీ నాణ్యత గురించి కర్మాగారాన్ని బయటినుంచి నిలదీసే అధికారం ఏ కేంద్ర ప్రభుత్వ సంస్థకూ లేకుండా చేసిన చట్టం, దాని వెనుక ఉన్న రాజకీయం కలిసి తెచ్చిపెట్టిన పరిస్థితి ఇది.

ఈ లోపాల తీవ్రత తెలియాలంటే రివాల్వర్ పనిచేసే తీరు కొంత తెలియాలి. పిస్టల్‌లో తూటా ఉండే గది, బ్యారెల్ ఒకే భాగం. రివాల్వర్‌లో అవి వేర్వేరు. తూటా సిలిండర్‌లోని గదిలో పేలి, సన్నని ఖాళీని దాటి బ్యారెల్‌లోకి దూకాలి. ఆ ఖాళీ సాధారణంగా అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉండాలని నిపుణులు చెబుతారు. అంతకంటే తగ్గితే, కొన్ని రౌండ్లు పేల్చాక వేడికీ మసికీ సిలిండర్ బిగుసుకుపోతుంది. పెరిగితే వాయువులు పక్కలకు చిమ్మి తూటా వేగం తగ్గుతుంది. ఇంకా ముఖ్యమైనది, ఆరు గదుల్లో ప్రతి ఒక్కటీ బ్యారెల్‌కు ఎదురుగా ఖచ్చితంగా వచ్చి ఆగడం. ట్రిగ్గర్ నొక్కినప్పుడు లోపలి చిన్న మీట ఒకటి సిలిండర్ వెనుక ఉండే పళ్లను నెట్టి దాన్ని తిప్పుతుంది. ఆ పళ్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి తేడాగా ఉన్నా ఆ గది వంకరగా ఆగుతుంది. అప్పుడు తూటా బ్యారెల్ అంచును ఒరుసుకుంటూ వెళుతుంది, చెక్కుకుపోయిన సీసం ముక్కలు కాల్చేవాడి చేతిమీదికో పక్కన నిలబడినవాడి ముఖం మీదికో చిమ్ముతాయి. ఒక్క గదిలోనే ఉన్న ఈ లోపం మిగిలిన అయిదు గదులనూ చూసి సంతృప్తి పడిన తనిఖీదారుడికి దొరకదు.

అందుకే ఒకప్పుడు రివాల్వర్ తయారీ అంటే ఆకురాయి చేతపట్టిన ఫిట్టర్ల పని. మీటను కొంచెం కొంచెంగా అరగదీస్తూ, సిలిండర్ తిప్పి చూస్తూ, ఒక్కో తుపాకీని విడిగా కుదిర్చేవారు. 1990ల చివరికి ఈ పరిశ్రమలో పెద్ద మార్పు వచ్చింది. లోహపు పొడిని అచ్చుల్లో పోసి కాల్చి భాగాలు తయారుచేసే పద్ధతి, కంప్యూటర్ నడిపే యంత్రాలు రంగంలోకి దిగాయి. భాగాలు ఎంత ఖచ్చితంగా వస్తే చేతిపని అంత తగ్గుతుందన్నది లెక్క. ఈ మార్పునే నిందించడం న్యాయం కాదు. నేటి ఉక్కు మెరుగైనది, అచ్చు భాగాలు చాలావరకు మన్నుతున్నాయి. పాతకాలపు సరుకంతా మేలిమి అన్న మాట కూడా నిజం కాదు. బాంగర్ పుంటా అనే సంస్థ యాజమాన్యంలో ఉన్న కాలంలో, ముఖ్యంగా 1970లలో, పేరున్న అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ల నాణ్యత పడిపోయిందని సేకర్తలు ఈనాటికీ చెబుతారు. నా ఆక్షేపణ వేరే చోట ఉంది. భాగాలు ఖచ్చితంగా వస్తున్నాయి కనుక కూర్చిన తర్వాత చూసే కన్ను అక్కర్లేదన్న నమ్మకం మీద నాకు అభ్యంతరం. బ్యారెల్‌ను వంకరగా బిగిస్తే అది యంత్రం తప్పు కాదు. పెట్టెలో పెట్టేముందు ఒక మనిషి ఎదురుగా పట్టుకుని చూస్తే క్షణంలో తెలిసిపోయే తప్పు అది.

ఆ కన్ను మీద ఒత్తిడి 2020 నుంచి మరింత పెరిగింది. మహమ్మారి భయం, వీధుల్లో అలజడి, ఎన్నికల ఉద్రిక్తత కలిసి ఆ ఏడాది తుపాకీ కొనుగోళ్లకు సంబంధించి కొనేవారి నేపథ్యాన్ని చూసే జాతీయ తనిఖీ వ్యవస్థకు 3 కోట్ల 96 లక్షలకు పైగా విచారణలు వచ్చాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారం అమెరికాలో రివాల్వర్ల ఉత్పత్తి 2019లో సుమారు 5.8 లక్షలుంటే, 2020లో సుమారు 9.9 లక్షలకు చేరింది. ఒక్క ఏడాదిలో ఉత్పత్తి అంతగా పెరిగినప్పుడు నైపుణ్యం ఉన్న ఫిట్టర్లు, తనిఖీదారులు అదే వేగంతో ఎక్కడినుంచి వస్తారు? ఎంత సరుకు తయారైతే అంతా అమ్ముడుపోతున్న రోజుల్లో, అనుమానం ఉన్న తుపాకీని పక్కన పెట్టే అధికారం ఏ కర్మాగారంలోనైనా బలహీనపడుతుంది.

అదే ఏడాది జనవరిలో కోల్ట్ కంపెనీ తన ప్రసిద్ధ పైథాన్ రివాల్వర్‌ను 1,499 డాలర్ల ధరతో మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. 1955లో పుట్టిన ఆ పేరుకు చేతితో కుదిర్చిన మెత్తని ట్రిగ్గర్, అద్దంలాంటి నునుపు పర్యాయపదాలు. కానీ తొలి విడతలో వచ్చిన కొన్ని తుపాకుల్లో సిలిండర్ సరిగా తిరగకపోవడం, తూటాలోని మందును అంటించే ప్రైమర్ మీద దెబ్బ బలహీనంగా పడటం వంటి లోపాలు బయటపడ్డాయి. కంపెనీ వాటిని వెనక్కి తీసుకుని బాగుచేసింది, ఆ తర్వాతి తుపాకులు మెరుగ్గా వచ్చాయన్నది కూడా నిజమే. అయినా మొదట కొన్నవారు ఏమయ్యారన్న ప్రశ్న మిగులుతుంది. పూర్తి ధర చెల్లించి, కంపెనీ కోసం పరీక్షకుల పని చేసిపెట్టినవారు వాళ్లే.

వినియోగదారు సేవ గురించి మాట్లాడేవారు ఇక్కడే పొరబడుతున్నారని నాకనిపిస్తుంది. ఫలానా కంపెనీ మర్యాదగా మాట్లాడింది, పంపే ఖర్చు తానే భరించింది, కొన్ని వారాల్లో తిరిగి పంపింది అంటూ మెచ్చుకుంటారు. మంచిదే. కానీ చెడిపోయిన తుపాకీని వెనక్కి పంపడం చెడిపోయిన ఫోన్‌ను వెనక్కి పంపినంత సులువు కాదు. కొనుగోలు పత్రం మీద సంతకం చేసి బయటికి తీసుకెళ్లిన తుపాకీని చాలా దుకాణాలు తిరిగి తీసుకోవు, అది అప్పటికే వాడిన తుపాకీ కింద లెక్క. చేతి తుపాకులను సామాన్య పౌరులు తపాలాలో పంపడాన్ని అక్కడి చట్టం 1927 నుంచే నిషేధించింది. 2022లో ప్రధాన కొరియర్ సంస్థలు కూడా నియమాలు బిగించడంతో, కంపెనీ తానుగా రవాణా చీటీ పంపితే తప్ప సామాన్యుడికి దారి దొరకడం కష్టమైంది. ఆత్మరక్షణకు అదొక్కటే కొనుక్కున్నవాడు ఆ వారాలన్నీ అది లేకుండానే గడపాలి. తిరిగి వచ్చినదానికి అదే లోపం ఉంటే మళ్లీ మొదటికి రావాలి. తనిఖీలో మిగుల్చుకున్న సొమ్ముతో మరమ్మతు విభాగాన్ని నడపడం కంపెనీకి గిట్టుబాటు కావచ్చు, ఎందుకంటే లోపాన్ని గుర్తించలేనివాడు ఫిర్యాదే చేయడు. కొని సొరుగులో పెట్టి ఒక్కసారైనా పేల్చి చూడనివారు ఎందరో ఉన్నారు. వారి తుపాకీలోని లోపం బయటపడేది ప్రాణాల మీదికి వచ్చిన రాత్రే.

ఇంత ప్రమాదకరమైన వస్తువుకు ప్రభుత్వ తనిఖీ ఉండదా అని మనకు అనిపించడం సహజం. 1972లో అమెరికా కాంగ్రెస్ వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌ను ఏర్పాటు చేసినప్పుడు, రివాల్వర్లు, పిస్టళ్లు, వాటి తూటాల మీద పడే ప్రత్యేక పన్నును ప్రస్తావించి, ఆ పన్ను వర్తించే వస్తువులేవీ కమిషన్ పరిధిలోకి రావని చట్టంలోనే రాసింది. చేతి తుపాకుల తూటాలను నిషేధించాలన్న అర్జీ ఒకటి కమిషన్ ముందుకు రాగా, 1976లో మరో సవరణతో ఆ తలుపునూ మూసేసింది. పిల్లల బొమ్మ తుపాకీని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించగల కమిషన్‌కు అసలు తుపాకీ మీద ఆ అధికారం లేదు. తుపాకుల లైసెన్సులు చూసే ఏటీఎఫ్ సంస్థ రికార్డులు, అమ్మకాలు చూస్తుంది తప్ప నాణ్యత జోలికి పోదు. పరిశ్రమ సొంత సంస్థ సామి 1926 నుంచి ప్రమాణాలు రాస్తోంది, అవి స్వచ్ఛందమైనవి. బ్రిటన్‌లో సంగతి దీనికి పూర్తిగా భిన్నం. లండన్‌లో 1637 నుంచి, బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి ఉన్న ప్రూఫ్ హౌస్‌లలో ప్రతి తుపాకీనీ అధిక ఒత్తిడి తూటాతో పరీక్షించి ముద్ర వేస్తేనే అమ్మకానికి వస్తుంది. ఆ ముద్ర ట్రిగ్గర్ మెత్తదనానికి హామీ కాదు, అయినా కంపెనీతో సంబంధం లేని ఒక చేయి ఆ తుపాకీని తాకిందనడానికి సాక్ష్యం.

రాష్ట్రాల స్థాయిలో కాలిఫోర్నియా ఒక ప్రయత్నం చేసింది. 1999లో చేసిన చట్టం ప్రకారం ఒక నమూనాకు చెందిన తుపాకులను 600 రౌండ్ల చొప్పున పేల్చి, కాంక్రీటు మీద పడవేసి పరీక్షించాలి. దీని లక్ష్యం మంచిదే అయినా నమూనాను పరీక్షించడం వేరు, కర్మాగారం నుంచి వచ్చే ప్రతి తుపాకీనీ చూడటం వేరు. పరీక్షకు పంపిన తుపాకులు నిక్షేపంగా ఉండి, ఆ తర్వాత శుక్రవారం సాయంత్రం హడావుడిగా బిగించినది వంకరగా ఉంటే ఈ చట్టానికి తెలియదు.

ఇక మిగిలేది కోర్టు. 2005లో తెచ్చిన చట్టం తుపాకీని నేరస్థుడు దుర్వినియోగం చేసినందుకు తయారీదారు మీద దావా వేయకుండా అడ్డుకుంది కానీ, తయారీ లోపాలకు మినహాయింపు ఇచ్చింది. ఆ దారిలోనే, కింద పడితే పేలుతున్నాయన్న ఆరోపణ మీద, బ్రెజిల్‌కు చెందిన టారస్ కంపెనీ పిస్టళ్లపై ఒక అయోవా షెరిఫ్ డిప్యూటీ పెట్టిన సామూహిక దావా 2015లో రాజీకి వచ్చింది. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ దాదాపు పది లక్షల పిస్టళ్లకు పరిహారమో మరమ్మతో ఇవ్వడానికి అంగీకరించింది. అదే కంపెనీ రోసీ పేరుతో 2005 నుంచి 2017 వరకు తయారుచేసిన .38 స్పెషల్, .357 మాగ్నమ్ తూటాల రివాల్వర్ల విషయంలోనూ పడితే పేలవచ్చన్న హెచ్చరిక వెలువడింది. పదమూడేళ్ల సరుకు జనం చేతుల్లోకి వెళ్లాక వచ్చిన హెచ్చరిక అది. పైగా కోర్టు ఉపయోగపడేది నష్టం జరిగినవాడికి, లేదా లక్షల మందిని కలిపి చూపగల న్యాయవాదికి. వంకర బ్యారెల్ వచ్చిన ఒంటరి కొనుగోలుదారుడి కోసం ఏ న్యాయవాదీ దావా వేయడు.

బలమైన చేయి ఉన్నప్పుడు ఇదే పరిశ్రమ ఎంత వేగంగా కదిలిందో కూడా చరిత్రలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1944లో, స్మిత్ అండ్ వెసన్ విక్టరీ రివాల్వర్ ఓడ ఉక్కు డెక్ మీద పడి పేలి ఒక నావికుడు మరణించాడు. కొనుగోలుదారు నౌకాదళం కనుక కంపెనీ మీనమేషాలు లెక్కించలేదు. రోజుల వ్యవధిలో కొత్త భద్రతా భాగాన్ని రూపొందించింది, ఈ కంపెనీ రివాల్వర్లలో ఆ పద్ధతి ఈనాటికీ కొనసాగుతోంది. రూగర్ కంపెనీ 1953 నుంచి 1972 వరకు అమ్మిన సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్‌ను చేత్తో వెనక్కి లాగి పేల్చే) రివాల్వర్లకు ప్రమాదవశాత్తూ పేలకుండా చూసే భాగాన్ని ఉచితంగా అమర్చిపెడతామని 1982లో ప్రకటించి, దశాబ్దాలుగా ఆ మాట నిలబెట్టుకుంటోంది. కానీ కోర్టుల్లో దెబ్బలు తిన్న తర్వాతే ఆ ఔదార్యం వచ్చిందన్నది మరచిపోకూడదు.

ప్రభుత్వంతో చేతులు కలిపిన కంపెనీకి ఏమైందో కూడా పరిశ్రమకు గుర్తుంది. 2000 మార్చిలో స్మిత్ అండ్ వెసన్ క్లింటన్ ప్రభుత్వంతో భద్రతా ఒప్పందం కుదుర్చుకోగానే తుపాకీ ప్రియులు దాన్ని బహిష్కరించారు. 1987లో 11.25 కోట్ల డాలర్లకు కొన్న ఆ సంస్థను దాని బ్రిటిష్ యజమానులు 2001లో 1.5 కోట్ల డాలర్ల నగదుకు అమ్ముకున్నారు. నాణ్యతా ప్రమాణం గురించి ఎవరు నోరెత్తినా అది తుపాకుల నిషేధానికి తొలి మెట్టన్న అనుమానం అప్పటినుంచి మరింత గట్టిపడింది. ఆ అనుమానం వల్ల ఎక్కువ నష్టపోతున్నది తుపాకీ హక్కును ప్రాణంగా చూసుకునేవారే. తమ చేతిలోని వస్తువు సరిగా పనిచేయాలని కోరడం ఆ హక్కుకు వ్యతిరేకం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. అక్కడ స్థిరపడి, దుకాణాల్లో రాత్రిళ్లు ఒంటరిగా పనిచేస్తూ రక్షణ కోసం రివాల్వర్ కొనుక్కునే తెలుగువారికీ ఇది వర్తిస్తుంది.

ఈ విషయం మనకు దూరమైనదేమీ కాదు. భారత్‌లో పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే దారి 1980ల మధ్యలోనే మూసుకుపోయింది, దాంతో లైసెన్సుదారులు దశాబ్దాల పాటు ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల .32 రివాల్వర్ల మీదే ఆధారపడ్డారు. 2014లో వచ్చిన నిర్భీక్ అనే రివాల్వర్ ధర 1,22,360 రూపాయలు. పోటీ లేని చోట ఫిర్యాదుకు విలువ ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ప్రైవేటు సంస్థలు వస్తున్నాయి. టారస్ జిందాల్ సంస్థతో కలిసి హరియాణాలోని హిసార్‌లో ఉమ్మడి కంపెనీ పెట్టింది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం అమెరికా చట్టంలా తుపాకీని పేరుపెట్టి పక్కన పెట్టలేదు. తయారీ లోపానికి తయారీదారుని బాధ్యుణ్ణి చేసే అధ్యాయం అందులో ఉంది, ప్రమాదకర వస్తువులను వెనక్కి రప్పించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. లైసెన్సు ఇచ్చే హోం శాఖ, ఈ ప్రాధికార సంస్థ కలిసి, కొత్త కర్మాగారాల సరుకు పెద్ద ఎత్తున దుకాణాలకు చేరకముందే మూడు పనులు చేయాలి. ప్రతి తుపాకీ తనిఖీ నివేదికనూ దాని క్రమసంఖ్యతో సహా కొనుగోలుదారుడికి ఇవ్వాలి. మరమ్మతుకు పంపి తెచ్చుకునే బాధ్యతను లైసెన్సున్న డీలర్ ద్వారా కంపెనీయే భరించాలి. ఒకే లోపం మీద వచ్చిన ఫిర్యాదుల సంఖ్య ఒక హద్దు దాటితే ఆ విడత మొత్తం వెనక్కి రావాలి.