మహారాజశ్రీ సాఫ్ట్‌వేర్ రెయిడ్-1 గారి సముఖమునకు

అయ్యా,

నల్గొండలో కంప్యూటర్లు బాగుచేసి బతికే ఒకడు నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. తమరి ఉభయ డిస్కుల్లో ఒకటి కాలం చేసింది కాబట్టి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

తమరిది గొప్ప వంశం. 1988లో బర్క్లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు పెద్దలు, ఖరీదైన పెద్ద డిస్కు ఒక్కటి కొనే బదులు చవక డిస్కులు జతచేసి ఆ పని చేయించుకోవచ్చని పేపర్ రాశారు. ఆ ఏర్పాటుకే రెయిడ్ అని పేరు, అందులో చెప్పిన పద్ధతుల్లో మొదటి నంబరు తమరిదే. ఏది రాసినా రెండు డిస్కుల్లోనూ రాస్తారు, ఒకటి పోయినా రెండోది నెట్టుకొస్తుంది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సేటుకు ఎవరో ఈ మాటే చెప్పి, లెక్కల సర్వర్‌లో తమరిని ప్రతిష్ఠించి పోయారు. "ఒకటి కాలిపోయినా ఫికర్ లేదు సేటూ" అన్నారట.

నిజంగానే ఫికర్ లేకుండా పోయింది. మొదటి డిస్కు చచ్చిపోతే మిల్లులో ఎవరికీ తెలియలేదు, తమరు రెండోదాని మీద బండి లాగిస్తూనే ఉన్నారు. యాసంగి వడ్లు దిగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే, నల్లటి తెర మీద బూట్ చేయడానికి డిస్కే లేదని ఒక ముక్క. వడ్ల లెక్కలన్నీ ఉన్న డిస్కు లోపల గిర్రున తిరుగుతూనే ఉంది! కాంటా చీటీలు ఆగాయి. గుమస్తా ఫోన్ చేసి, "అన్నా, సర్వర్ లేస్తలేదు. లారీలోళ్లు లొల్లి చేస్తున్రు, సేటుకు బీపీ పెరుగుతున్నది, జల్ది రా" అన్నాడు.

వెళ్లి చూస్తే తమరి గుట్టు బయటపడింది. అక్కడ తమరు జంట చేసింది పార్టిషన్లను, అంటే డిస్కును విడగొట్టిన భాగాలను మాత్రమే. డిస్కు మొట్టమొదట ఉండే 512 బైట్ల సెక్టార్ తమరి ఇలాకా కాదు. అందులో బూట్ కోడ్‌కు, అంటే సిస్టమ్‌ను లేపే రాతకు, దక్కే జాగా 446 బైట్లు. మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్ అనే ప్రోగ్రామ్ పొద్దున్నే లేచి వెతికేది దాన్నే. తమరిని ప్రతిష్ఠించిన మహానుభావుడు సిస్టమ్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌ను మొదటి డిస్కులో మాత్రమే పెట్టి చేతులు దులుపుకున్నాడు. రెండు ఇళ్లు కట్టి, సామానంతా రెండింట్లోనూ సర్ది, రెండో ఇంటికి తలుపు పెట్టనట్టు అయింది. ఏళ్ల తరబడి బస్తాల లెక్కలు అక్షరం పొల్లుపోకుండా రెండుసార్లు రాసిన తమరికి, సరిగ్గా అర కిలోబైటు దగ్గర పొదుపు గుర్తొచ్చింది.

కొత్త మెషీన్లలో ఈ బాధ లేదంటారేమో. బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్ వచ్చాక బూట్ ఫైళ్లు ఫ్యాట్ అనే సాదా ఫైల్ పద్ధతి వాడే పార్టిషన్‌లోకి మారాయి, ఆ ఫర్మ్‌వేర్‌కు మాత్రం తమరెవరో తెలియదు. మెటాడేటా 1.0 అనే పద్ధతి వాడి, తమరి గుర్తును పార్టిషన్ చివర్లో దాచి, ఇది మామూలు పార్టిషనే అని ఫర్మ్‌వేర్‌ను నమ్మించే ఘనులున్నారు. తమరంతటి గొప్పవారు దొంగచాటుగా లోపలికి రావడమేమిటి?

ఇంకో విషయం. డిస్కు పోయినప్పుడు తమరు ఊరుకోలేదట, మెయిల్ పంపారట. ఎవరికి? రూట్‌కు, అంటే లినక్స్‌లో పెత్తనమంతా ఉండే ఖాతాకు. ఆ మిల్లులో సేటు ఉన్నాడు, గుమస్తా ఉన్నాడు, హమాలీ మేస్త్రి ఉన్నాడు. రూట్ అనే మనిషి లేడు. ఆ మెయిల్ అదే మెషీన్‌లో ఒక మూల, ఎవరూ తెరవని పెట్టెలో పడి ఉంది. తమరి స్థితి చూపించే ఎండీస్టాట్ ఫైలు చూస్తే, బాగున్న డిస్కుకు ఒకటి చొప్పున రెండు యూలు ఉండాల్సిన చోట ఒక యూ, పక్కన చిన్న గీత. పోయిన డిస్కుకు తమరు పెట్టిన సంతాప సభ అంతే.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపితే తమరు పేరు కూడా మార్చుకున్నారు. సర్వర్‌లో తమరి పేరైన ఎండీ0 అని పిలిస్తే పలకరు, ఎండీ127 అనాలట. సరే, అలాగే పిలిచి, మౌంట్ చేసి, క్రూట్ కమాండ్‌తో ఆ డిస్కులోని సిస్టమ్‌లోకి వెళ్లి, మిగిలిన డిస్కు మీద గ్రబ్ ఎక్కించాను. బూట్ మొదట్లో వాడుకునే ఇనిట్‌రామ్ఎఫ్ఎస్‌ను కూడా మళ్లీ తయారుచేశాను, లేకపోతే తర్వాతి మెట్టు మీద కూర్చుని బిజీబాక్స్ అనే అత్యవసర కమాండ్ తెర చూపించడం తమరికి సరదా. మెషీన్ లేచింది, లారీలు కదిలాయి.

కొత్త డిస్కు తగిలించి, జతలో చేర్చగానే తమరు శాతాలు చూపిస్తూ సింక్ మొదలుపెట్టారు. గుమస్తా పక్కనే స్టూలేసుకుని క్రికెట్ స్కోరు చెప్పినట్టు శాతాలు చదివాడు. నూరు శాతం అయ్యింది, రెండు యూలూ వచ్చాయి. కొత్త డిస్కుకు తలుపు మాత్రం యథాప్రకారం లేదు, మళ్లీ నేనే గ్రబ్ ఎక్కించాల్సి వచ్చింది.

సేటు వదల్లేదు. "ఇప్పుడు పాతది పీకితే లేస్తదా?" అన్నాడు. తమరిని ప్రతిష్ఠించిన రోజే అడగాల్సిన ప్రశ్న అది. ఆఫ్ చేసి, కేబుల్ పీకి, కొత్తదాని మీద లేపి చూపించాను. "ఇంత సేపేంది?" అన్నాడు.

ఇట్లు,
తమరి మూత మళ్లీ బిగిస్తూ,
ఒక సర్వీసు మనిషి

ప్రతి: రూట్ గారికి, తగు చర్య నిమిత్తం.