ఖరగ్‌పూర్ బాంబర్ స్థావరం: పెట్రోలు దగ్గర తప్పిన లెక్క

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌పై జరిగిన బాంబు దాడుల కథను చాలామంది పసిఫిక్ సముద్రంలోని సైపాన్, టినియన్ దీవుల నుంచి మొదలుపెడతారు. అమెరికా బీ-29 బాంబర్ విమానాలు తొలిసారి యుద్ధానికి లేచింది మాత్రం బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పరిసరాల నుంచి. రైల్వే వర్క్‌షాపు వల్ల, అక్కడ తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల వల్ల ఆ ఊరు మనకు తెలిసినదే కానీ, 1944లో అది అమెరికా 20వ బాంబర్ కమాండ్‌కు కేంద్రమన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

కమాండ్ కార్యాలయాన్ని హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో పెట్టారు. 1931లో రాజకీయ ఖైదీలపై కాల్పులు జరిగినదీ, తర్వాత తొలి ఐఐటీ మొదలైనదీ అక్కడే. కలకత్తా రేవూ రైలు మార్గమూ దగ్గరగా ఉన్నందున చాకులియా, పియర్‌డోబా, దుధ్‌కుండీలలో కూడా పొడవైన రన్‌వేలు సిద్ధమయ్యాయి. 1942 తుఫానుకు, మరుసటి ఏటి కరువుకు చితికిపోయిన మేదినీపూర్ జిల్లాలో వేలాది కూలీలు ఈ పనులు చేశారన్నది విమానాల లెక్కల్లో ఎక్కడా కనబడదు.

అసలు చిక్కు దూరంతో వచ్చింది. ఖరగ్‌పూర్ నుంచి జపాన్ అందదు కనుక, దాదాపు 1,900 కిలోమీటర్ల అవతల ఉన్న చైనాలోని చెంగ్డూ దగ్గర దిగి, అక్కడి నుంచి మళ్లీ బయలుదేరాలి. అక్కడికి పెట్రోలు చేరేందుకు ఆకాశమార్గం తప్ప వేరే దారి లేదు. ఒక్క దాడి కోసం ఒక బాంబరు అంతకుముందు పలుమార్లు హిమాలయాలు దాటి ఇంధనం మోయాల్సి వచ్చేది. యుద్ధవిమానాన్ని ట్యాంకరు లారీగా మార్చడమే ఇది. ఇంతా చేసి 1944 జూన్ 15 రాత్రి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారంపైకి 68 విమానాలు బయలుదేరితే 47 మాత్రమే అక్కడ బాంబులు వేశాయి, నష్టం స్వల్పం. చెంగ్డూ నుంచి కూడా జపాన్ దక్షిణాన, యవాటా ఉన్న క్యుషు ద్వీపమే అందుబాటు, టోక్యో కాదు.

వైఫల్యాన్ని సిబ్బంది అనుభవలేమికో, కొత్త ఇంజిన్ల లోపాలకో అంటగట్టడం సగం నిజమే. అవే విమానాలు నవంబరు 5న బెంగాల్ నుంచి నేరుగా వెళ్లి సింగపూర్‌లోని పెద్ద నౌకా మరమ్మతు డాక్‌ను నెలల తరబడి పనికిరాకుండా చేశాయి; ఆ దాడికి కావలసిన పెట్రోలు కొండలు దాటి రానక్కర్లేదు. అదే నెల 24న సైపాన్ నుంచి టోక్యోపై దాడి మొదలైంది. ఓడలు నేరుగా ఇంధనం దించే దీవులు చేతికొచ్చాక చెంగ్డూ మార్గానికి అర్థం పోయింది. 1945 వసంతంలో ఖరగ్‌పూర్ బాంబర్లు కూడా టినియన్‌కు తరలిపోయాయి.