కరాచీ పోర్టు పేలిన రాత్రి

మనకీ పాకిస్తాన్‌కీ మధ్య దాడులు జరుగుతున్న రోజులు, 2025 మే 8 రాత్రి మా పెద్దమ్మ నిద్రపోలేదు. వాళ్ళబ్బాయికి జమ్ము దగ్గర డ్యూటీ. టీవీలో సైరన్ మోగినప్పుడల్లా లేచి గుమ్మం దాకా వెళ్ళొచ్చేది. అది స్టూడియోలో వేస్తున్న సౌండ్ అని ఎంత చెప్పినా వినలేదు. (ఆ సైరన్లు ప్రోగ్రాముల్లో వాడొద్దని తర్వాత కేంద్రమే చానళ్ళకి చెప్పాల్సి వచ్చింది.)

కరాచీ పోర్టు ధ్వంసం అన్నారు టీవీ వాళ్ళు. ఇస్లామాబాద్ మన చేతికొచ్చింది అన్నారు. పాక్ ఆర్మీ చీఫ్ మునీర్ అరెస్ట్ అన్నారు. నేనేం తక్కువ తినలేదు, కరాచీ క్లిప్పు ఫ్యామిలీ గ్రూపులో పడేశాను. తెల్లారేసరికి పోర్టు ఉన్నచోటే ఉంది. నేను డిలీట్ చేసేలోపు మా బాబాయి దాన్ని ఇంకో మూడు గ్రూపులకి పంపేశాడు.

మన మహిళా పైలట్ దొరికిపోయిందని అటువైపు వాళ్ళు కూడా ప్రచారం చేశారు. అది అబద్ధమని మాకు క్షణంలో తెలిసిపోయింది! కరాచీ దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏ గంగలో కలిసిందో.

పూంఛ్‌లో పాక్ షెల్లింగ్‌కి చనిపోయిన ఒక మదరసా టీచర్‌ని కొన్ని చానళ్ళు టెర్రరిస్టుని చేసేశాయి. కాదని పోలీసులు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. శవం ముందు కూర్చుని ఏడుస్తున్న ఇంట్లో ఆ టీవీ ఆన్‌లో ఉండుంటే? ఇక్కడ హైదరాబాద్‌లో పేరు చూసి కరాచీ బేకరీ బోర్డు మీద పడ్డారు కొందరు. దేశ విభజనప్పుడు సింధ్ నుంచి వచ్చిన హిందూ కుటుంబం 1953లో పెట్టుకున్న షాపది. పోర్టు దొరకలేదు, బిస్కెట్ల కొట్టు దొరికింది.

నాకు అన్నిటికంటే ఒళ్ళు మండింది మే 10 సాయంత్రం. కాల్పులు ఆపుతున్నట్టు విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ ప్రకటించారు. ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని చదివి వినిపించిన అధికారి ఆయన. దానికే ఆయన్ని ద్రోహి అన్నారు, కూతుర్ని కూడా వదల్లేదు. ఆయన ఎక్స్ అకౌంట్ లాక్ చేసుకోవాల్సి వచ్చింది. అనరా మరి! రెండు రోజులుగా ఇస్లామాబాద్ మనదే అని నూరిపోశాక, గెలిచిన యుద్ధాన్ని వదిలేశారనే అనుకుంటారు జనం. నూరిపోసిన యాంకర్లని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు అదే కోటు, అదే అరుపు.

ఆ రాత్రి పదింటికి అన్నయ్య ఫోన్ చేశాడు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని స్పీకర్ పెట్టి అడిగిన మొదటి మాట: "ఇస్లామాబాద్ నుంచేనా నాన్నా?"