ఎడమొహం పెడమొహం

మా జీపు స్టీరింగు పావు చుట్టు తిప్పాక గానీ చక్రాలకి సంగతి తెలిసేది కాదు. కుడివైపు మలుపు వస్తోందంటే రెండు కరెంటు స్తంభాల ముందు నుంచే తిప్పడం మొదలుపెట్టేవాణ్ణి. తిన్నగా పోవాలన్నా చేతులు ఊరుకోకూడదు. కాస్త ఎడమ, కాస్త కుడి, మళ్లీ ఎడమ, మజ్జిగ చిలికినట్టు చిలుకుతూనే ఉండాలి. పన్నెండేళ్లు అలాగే నడిపాను. నేను తప్ప ఇంకొకరు నడపలేని బండి కాబట్టి తాళం వేసే అలవాటే లేదు. ఏ దొంగ ఎత్తుకెళ్లినా వీధి చివర కాలవదాకానే.

విల్లీస్ నమూనా పాత డీజిల్ జీపు అది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన జీపులకి ఉన్న ఏర్పాటే దానికీ. స్టీరింగ్ పెట్టె నుంచి డ్రాగ్ లింక్ అనే రాడ్డు ముందుకొచ్చి మధ్యలో పిన్ను మీద తిరిగే బెల్ క్రాంక్ అనే మీటకి తగులుకుంటుంది. అక్కణ్ణుంచి ఒక్కో చక్రానికి టై రాడ్డు అనే ఒక్కో రాడ్డు. మూడు రాడ్లకి ఆరు కీళ్లు, బెల్ క్రాంక్ తిరిగే పిన్ను ఏడోది. ఏడింట్లో ఏదీ మరీ అరిగిపోలేదు. తలో కాస్త. ఉమ్మడి కుటుంబంలో వీధి అరుగు మీద అన్న మాట వంటింటికి చేరేసరికి ఏమవుతుందో, నా చేతిలోని మలుపు చక్రాన్ని చేరేసరికి అదే అయ్యేది.

అలా కాపురం సాగిపోతుండగా మా బావమరిది హైదరాబాద్ నుంచి దిగాడు. అందరం కలిసి మారేడుమిల్లి మీదుగా గుడిసె కొండకి వెళ్లాం. పైన పచ్చికా, తెల్లవారుజామున మంచూ ఎంత బాగుంటాయో, పైకెళ్లే దారి అంత అన్యాయంగా ఉంటుంది. ముందు చక్రం ఒక బండరాయి ఎక్కింది. స్టీరింగు గిర్రున వెనక్కి తిరిగి నా బొటనవేలిని పక్కకి లాగేసింది. పక్కనుంచి వెళ్తున్న జీపు డ్రైవరు ఆగి, "బొటనవేళ్లు లోపల దోపి పట్టుకోకూడదండీ, పైనే పెట్టుకోవాలి" అని చెప్పి వెళ్లిపోయాడు. వేలు అప్పటికే దొండపండు అయింది.

"బావా, ఇది అప్‌గ్రేడ్ చేసెయ్యాల్సిందే" అన్నాడు బావమరిది. వీడియోలు చూసి నేర్చుకున్నవాడు. ఇంటికి రాగానే నన్ను కూర్చోబెట్టి స్టీరింగు అటూ ఇటూ ఊపమని, తను బండి కింద పడుకుని ఏ కీలు ఆలస్యంగా కదులుతోందో చూశాడు. కాసేపటికి కిందనుంచి గొంతు వచ్చింది: "ఏది ఆలస్యం కావట్లేదో అడుగు బావా, అది చెప్పడం తేలిక."

పది రోజుల్లో పార్సిలు దిగింది. మందం గొట్టాల టై రాడ్లు, వాటి కొసలకి కీళ్లుగా బిగించే కొత్త రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు, నీడిల్ బేరింగులున్న బెల్ క్రాంక్ కిట్టు. దాని ఖరీదు మా ఆవిడకి సగమే చెప్పాను. మిగతా సగం పార్సిలు అట్టపెట్టె మీద అంటించిన బిల్లు చెప్పింది. ఆ రాత్రి నుంచి ఇంట్లో మాటల్లేవు.

దసరా సెలవులు. నేను లెక్కల మాస్టారిని. నాలుగు నట్లు విప్పి నాలుగు బిగించడానికి మేస్త్రి ఎందుకనుకున్నాను. నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చిన స్ప్లిట్ పిన్ను తీశాను, నట్టు తీశాను. రాడ్ ఎండు రాదే! పైనుంచి సుత్తితో కొట్టాను. థ్రెడ్డు పుట్టగొడుగులా విచ్చుకుంది తప్ప అది కదల్లేదు. శివధనుస్సు ముందు రావణుడిలా ఆయాసపడుతుంటే వీధి చివరి షెడ్డు మేస్త్రి సైకిలు ఆపాడు. నా చేతిలో సుత్తి తీసుకుని, రాడ్డుని ముట్టుకోకుండా, అది దూరిన ఆర్మ్‌కి పక్కనుంచి ఒకే ఒక్క దెబ్బ వేశాడు. రాడ్ ఎండు ఠప్పున కింద పడింది. "లోపల కొస సన్నగా ఉంటదండీ, పట్టేసుకుంటది. దాన్ని కొడితే ఏం లాభం, పట్టుకున్నోణ్ణి కొట్టాలి" అని సైకిలెక్కాడు.

రాడ్ ఎండు విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని, కొత్తది అన్నే చుట్లు ఎక్కిస్తే చక్రాలు పాత చోటుకే వస్తాయని బావమరిది ఫోన్లో చెప్పాడు. లెక్కే కదా. పద్నాలుగు, పదిహేను, పదహారు... "పాలు పొంగిపోతున్నాయి, ఎవరైనా చూస్తే బాగుణ్ణు" అని గోడతో అంది మా ఆవిడ. వెళ్లి స్టవ్వు కట్టేసి వచ్చేసరికి పదహారో పంతొమ్మిదో గుర్తులేదు. అంతేకాదు, గొట్టానికి ఒక చివర మామూలు థ్రెడ్డు, రెండో చివర రివర్స్ థ్రెడ్డు. గొట్టాన్ని తిప్పితే రెండు కొసలూ ఒకేసారి బయటికి రావడానికో లోపలికి పోవడానికో ఆ ఏర్పాటు. అది తెలియక రెండో చివరని అరగంటసేపు విప్పుతున్నాననుకుంటూ బిగించాను.

సాయంత్రానికి అన్నీ ఎక్కించి జీపు స్టార్టు చేశాను. బయల్దేరిన పది గజాల్లో టైర్లు కీచుమన్నాయి. ఎదురింటి కుక్క లేచి నిలబడింది. వీధి మధ్యకి వచ్చేసరికి రబ్బరు వాసన. దిగి చూస్తే ఎడమ చక్రం ఎడమకి చూస్తోంది, కుడి చక్రం కుడికి చూస్తోంది.

గేటు దగ్గర నిలబడ్డ మా ఆవిడ మూడు రోజుల తర్వాత మొదటిసారి నాతో నేరుగా మాట్లాడింది. "ఏవండీ, అవేంటి, మనలాగే ఎడమొహం పెడమొహం పెట్టుకున్నాయి?"

జీపుని తోసుకుంటూ షెడ్డుకి చేర్చాం. మేస్త్రి చూసి నవ్వలేదు, అదే ఎక్కువ బాధేసింది. చుట్ల లెక్క పోయిన కథ చెప్పాను. "లెక్క తప్పకపోయినా ఇంతేనండి. కొత్త గొట్టం పొడవే వేరు కదండీ" అన్నాడు. పాలు పొంగినందుకు మా ఆవిడ మీద పెట్టుకున్న కోపం ఏం చేసుకోవాలో తోచలేదు.

టేపు ఒక కొస నేను, రెండో కొస మా ఆవిడ. టైర్ల మధ్య దూరం ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి. ముందు నలభై రెండు మిల్లీమీటర్లు ఎక్కువుందని నాకంటే ముందు ఆవిడే చెప్పింది. గొట్టాలు నేనే తిప్పుతానని పట్టుబట్టాను. ఈసారి రెండు చక్రాలూ తలంబ్రాల పీటల మీద దంపతుల్లా ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. "ఆయ్, అంత ప్రేమ కూడా పనికిరాదండి" అన్నాడు మేస్త్రి. "ముందువైపు ఓ రెండు మిల్లీమీటర్లు దగ్గరగా ఉంటే చాలు." తనే సర్ది, క్లాంపులు బిగించాడు. పిన్ను దూర్చడానికి నట్టు గాడికీ బోల్టు చిల్లుకీ కుదరకపోతే ఇంకాస్త బిగించాడే గానీ వదులు చేయలేదు. ప్రతి నట్టుకీ కొత్త స్ప్లిట్ పిన్ను. ఖర్చు తగ్గుతుందని పాత డ్రాగ్ లింకుకే వెల్డింగ్ పెడితే సరిపోయేది కదా అని అడిగాను. స్టీరింగ్ రాడ్డుకి వెల్డింగ్ పెట్టమన్నవాళ్లకి తన షెడ్డులో టీ కూడా ఇవ్వనన్నాడు.

మర్నాడు సాయంత్రం అత్తగారిని రైలెక్కించాలి. కొవ్వూరు నుంచి రాజమండ్రి స్టేషనుకి, రోడ్ కం రైలు వంతెన మీదుగా. స్టీరింగు వెన్నలా ఉంది. వేలు కదిపితే చక్రం కదులుతోంది. ఏడు కీళ్లలో ఎక్కడా రవ్వంత వదులు లేదు.

ఆ సంగతి నా చేతులకి మాత్రం ఎవరూ చెప్పలేదు. అవి పన్నెండేళ్ల అలవాటుగా మజ్జిగ చిలుకుతూనే ఉన్నాయి. ఇదివరకు ఆ చిలుకుడంతా కీళ్లలో ఇంకిపోయేది, ఇప్పుడు చుక్క వృథా కాకుండా చక్రాలకి చేరుతోంది. మొదటి మలుపులో అలవాటుగా రెండు స్తంభాల ముందే తిప్పాను. కొబ్బరిబొండాల బండివాడు కత్తి పట్టుకునే పక్కకి దూకాడు. వంతెనెక్కాక ఎడమ రెయిలింగు నుంచి కుడి రెయిలింగుకి, కుడి నుంచి ఎడమకి. ఆ వంతెన 1974 నాటిది, వెడల్పు కూడా ఆ కాలానిదే. వెనక ఆర్టీసీ బస్సు హారను ఆపడం లేదు. అత్తగారు గోదారమ్మకి దణ్ణం పెట్టి, ఆంజనేయస్వామిని పిలవడం మొదలుపెట్టారు.

అవతలి ఒడ్డున పోలీసులు ఆపారు. ఎస్సైగారు గొట్టం ఉన్న యంత్రం నా నోటి ముందు పెట్టి "ఊదండి" అన్నారు. ఊదాను. సున్నా. యంత్రాన్ని అరచేత్తో తట్టి "మళ్లీ ఊదండి" అన్నారు. సున్నా.

"మా అల్లుడు కాఫీ కూడా ముట్టడు నాయనా" అన్నారు అత్తగారు వెనకనుంచి.

"మరి వంతెన పొడుగునా బండెందుకలా ఊగింది?"

"నిన్ననే స్టీరింగు బాగు చేయించానండీ, అందుకని" అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, యంత్రానికి కొత్త గొట్టం తగిలించి, మూడోసారి నా నోటి ముందు పెట్టారు.