తెర మీద గట్టు తగాదా

అన్నదమ్ముల పొలం పంపకం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, పగలు పెద్దమనుషుల ముందు సర్వేయర్ గొలుసు లాగి రాళ్లు పాతిస్తాడు, తెల్లారేసరికి గట్టు జానెడు జరిగి ఉంటుంది. ఆ తగాదా కంప్యూటర్‌లో కూడా కావాలనుకునేవాళ్ల కోసం జావా భాషలో విండోలూ బటన్లూ కట్టుకునే స్వింగ్ అనే సరంజామాలో జేస్ప్లిట్‌పేన్ అని ఒకటుంది. ఎడమ ఒక గడి, కుడి ఒక గడి, మధ్యలో మౌస్‌తో జరుపుకునే గట్టు.

నాకు కావలసింది చాలా చిన్న పని. ఒక అనువాదం సరిచూడాలి, ఎడమ ఇంగ్లిష్, కుడి నా తెలుగు, చెరి సగం. దానికో చిన్న ప్రోగ్రామ్ రాసుకుందాం, గంటలో అయిపోతుందని కూర్చున్నాను. గట్టు 0.5 దగ్గర వెయ్యమని రాసి నడిపిస్తే ఎడమ గడి మాయం! విండో ఇంకా తెర మీదకి రాకముందే నేను వాటా అడిగానట, అప్పటికి దాని వెడల్పు సున్నా, సున్నాలో సగం సున్నా. లెక్కలో తప్పేం లేదు. పొలం కొనకముందే సర్వేయర్ని పిలిచింది నేను.

సరే, తెరుచుకున్నాకే పంచాను. విండో పెద్దది చేస్తే పెరిగిన జాగా మొత్తం తెలుగుకే వచ్చింది, భాషాభిమానంతో కాసేపు మురిసిపోయాను కూడా. తీరా చూస్తే రీసైజ్ వెయిట్ అని ఒక అంకె ఉంది, మనం ఏమీ చెప్పకపోతే అది 0, అంటే పెరిగిందంతా కుడివాడికి. తగ్గించినప్పుడు కోత కూడా కుడివాడికే. ఆస్తీ వాడిదే అప్పూ వాడిదే, పెద్దకొడుకు మాత్రం ఎడమవైపు కదలకుండా కూర్చుంటాడు. సమానంగా పంచాలంటే 0.5 అని మనమే అర్జీ పెట్టుకోవాలి.

అసలు టెన్షన్ ఇక్కడ మొదలైంది. లైన్ వ్రాప్, అంటే అంచుకి రాగానే వాక్యం కింది వరసకి దిగే ఏర్పాటు, పెట్టిన టెక్స్ట్ ఏరియాని (రాత రాసుకునే పెట్టె) స్క్రోల్‌పేన్ అనే జరుపుడు చట్రం లేకుండా నేరుగా గడిలో కూర్చోబెడితే అది వెడల్పవుతుంది గానీ తగ్గదు. గట్టు పట్టుకుని ఎంత లాగినా రాదు, నా కనీస వెడల్పు ఇదీ అంటుంది, ఆ కనీసం ఎంతా అంటే ఇప్పటిదాకా ఆక్రమించుకున్నంత! పోరంబోకులో పాక వేసి తాతల నాటి నుంచీ సాగులో ఉన్నామనే బాపతు. ఖాళీ చేయించాలంటే స్క్రోల్‌పేన్‌లో పెట్టాలి, లేదా కనీస పరిమాణం సున్నా అని రాయించుకోవాలి. ఎందుకైనా మంచిదని నేను రెండూ చేశాను.

1985 నాటి విండోస్ 1.0లో విండోలు ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి వీల్లేదు, పక్కపక్కనే సర్దుకోవాలి. 1987లో 2.0 వచ్చి ఎక్కొచ్చు అంది. అంత స్వేచ్ఛ వచ్చిన ఇన్నేళ్లకి నేను మళ్లీ గట్టు వేస్తున్నాను.

అదీ నిలబడితేగా! యాప్ మూసి తెరిస్తే గట్టు మొదటికొస్తుంది, ఎక్కడుందో రాసిపెట్టుకోమని విడిగా చెప్పాలట. అందుచేత ప్రతి గడికీ పట్టాదారు పాస్‌పుస్తకం ఇవ్వాలని ఇందుమూలముగా డిమాండ్ చేస్తున్నాను.

నిన్న అనువాదం ఇప్పించినాయన ఫోన్ చేశాడు.

"ఎంతవరకొచ్చిందండీ?"

"సరిగ్గా సగానికి వచ్చిందండీ," అన్నాను. ఆయన చాలా సంతోషించాడు. నేను చెప్పింది గట్టు గురించి.