ఉక్కు బలానికి ఒక్క అంకె చాలదు

విశాఖపట్నంలో ఉక్కు కడ్డీలు తయారవుతాయి, ఓడలు కడతారు, 1969లో ఏర్పడిన నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో టార్పెడోల మీద పరిశోధన జరుగుతుంది. ఇలాంటి నగరంలో కూడా లోహం బలమంటే టెన్సైల్ టెస్ట్ (లాగి చూసే పరీక్ష) సర్టిఫికెట్ మీద ఉండే అంకెనే మనం చెప్పుకుంటాం. నెమ్మదిగా, నిమిషాల పాటు లాగితే వచ్చిన ఆ అంకె, నీటి అడుగున జరిగిన పేలుడుకు మిల్లీసెకన్లలో వంగిపోయే ఓడ పలకకు కూడా వర్తిస్తుందనుకోవడం సరికాదు.

తాకిడి వేగాన్ని బట్టి లోహం తీరు మారుతుందని బ్రిటిష్ ఇంజినీరు జాన్ హాప్కిన్సన్ 1872లోనే ఇనుప తీగల మీద బరువులు జారవిడిచి గమనించారు. ఆయన కుమారుడు బెర్ట్రమ్ 1914లో, పేలుడు ఒత్తిడిని ఉక్కు కడ్డీలో పరుగెత్తే తరంగం ద్వారా కొలిచారు. 1949లో కోల్స్కీ అనే శాస్త్రవేత్త రెండు కడ్డీల మధ్య లోహపు నమూనాను బిగించి, మొదటి కడ్డీ గుండా తరంగాన్ని పంపారు. మొదటి కడ్డీలోకి తిరిగివచ్చిన తరంగం నమూనా ఎంత వేగంగా నలిగిందో చెబుతుంది, రెండో కడ్డీలోకి దాటిన తరంగం అది ఎంత గట్టిగా ఎదిరించిందో చెబుతుంది. ఇలా పరీక్షిస్తే, సెకనుకు వెయ్యి స్థాయి వికృతి రేటు (లోహం ఆకారం మారే వేగం) వద్ద మైల్డ్ స్టీల్ యీల్డ్ స్ట్రెంగ్త్, అంటే లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి, దాదాపు రెట్టింపు కావచ్చు. చాలా అల్యూమినియం మిశ్రమ లోహాల్లో మాత్రం మార్పు స్వల్పమే.

అసలు చిక్కు అంతకు మించిన ఒత్తిళ్ల వద్ద ఎదురవుతుంది. వంద గిగాపాస్కల్స్ అంటే సుమారు పది లక్షల వాతావరణ పీడనాలు. అక్కడ లోహం బలం మొత్తం ఒత్తిడిలో చిన్న భాగమే కాబట్టి, దాన్ని వేరుచేసి చెప్పడమంటే కాటా మీద లారీని డ్రైవరుతో ఒకసారి, డ్రైవరు లేకుండా ఒకసారి తూచి డ్రైవరు బరువు రాబట్టడం లాంటిదే. పెద్ద కొలతలో కొద్ది తేడా వచ్చినా చిన్న అంకె తారుమారవుతుంది. అందుకే కాలిఫోర్నియాలోని లేజర్ కేంద్రం నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో మరో దారి పట్టారు. టాంటలమ్ అనే లోహపు రేకు మీద ముందుగానే చిన్న అలలు చెక్కి, లేజర్ శక్తితో పుట్టించిన ఒత్తిడితో దాన్ని ముందుకు తోసి, ఆ అలలు ఎంత పెరిగాయో ఎక్స్‌రేలతో చూస్తారు. లోహం ఎంత బలంగా ఉంటే అలలు అంత నెమ్మదిగా పెరుగుతాయి.

ఇది గొప్ప ప్రయోగమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ ఇక్కడ నేరుగా కొలిచేది అల ఎత్తునే. బలం విలువను కంప్యూటర్ నమూనాతో పోల్చి రాబడతారు. కాబట్టి ఏ ఒత్తిడి, ఏ ఉష్ణోగ్రత, ఏ వికృతి రేటు, ఏ కంప్యూటర్ నమూనా, ఎంత దోష పరిమితి అన్నవి చెప్పకుండా బలం అంకెను మాత్రమే ప్రకటిస్తే అది అసంపూర్ణ సమాచారం. రెండు పద్ధతులు వేర్వేరు అంకెలిచ్చినంత మాత్రాన ఒకటి తప్పని తేల్చడం కూడా తొందరపాటే, ఎందుకంటే అవి లోహాన్ని వేర్వేరు స్థితుల్లో పరీక్షించి ఉండవచ్చు.

లేజర్ కేంద్రాలు మన ఇంజినీరింగ్ కళాశాలలకు అందేవి కావు, కానీ పైన చెప్పిన రెండు కడ్డీల పరికరం, అంటే హాప్కిన్సన్ కడ్డీ, అందుతుంది. విశాఖలోని కళాశాలలు కలిసి అలాంటి ఉమ్మడి పరికరాన్ని నెలకొల్పి, ఇక్కడ వాడే ఉక్కును పలు వికృతి రేట్ల వద్ద పరీక్షించాలి. అందులోనూ పలక కంటే ముందు వెల్డింగ్ అతుకును చూడాలి. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న ఇరుకు పట్టీలో లోహ నిర్మాణం మారిపోతుంది, పలక సర్టిఫికెట్ ఆ పట్టీ గురించి ఏమీ చెప్పదు.