శునకానందం

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారు కొందరు వేసవి సెలవులు రాగానే ఒక ఆర్‌వీని, అంటే వంటగదీ పడకా ఉన్న ఇంటిలాంటి బండిని, అద్దెకు తీసుకుని, ఆవకాయ సీసా మొదలు ప్రెషర్ కుక్కర్ వరకు ఇల్లంతా అందులోకి ఎక్కించి, చివరగా కుక్కను కూడా ఎక్కించి, ఆరిజోనా, నెవాడా ఎడారుల మీదికి దండయాత్రకు బయలుదేరుతున్నారు. యాత్ర మీద నాకేమీ పేచీ లేదు. నా అభ్యంతరమల్లా అక్కడి నుంచి వచ్చే ఒక ఫొటో మీద. ఎర్రటి రాళ్ళ మధ్య, మిట్టమధ్యాహ్నం, మూరెడు నాలుక వేలాడేసుకుని నిలబడిన కుక్క, దాని కింద "మా లడ్డూ ఎంత హాయిగా నవ్వుతున్నాడో చూడండి!" అనే ప్రకటన.

జంతు మనస్తత్వశాస్త్రంలో ఇంతటి ఆవిష్కరణ చేసినవారికి ఏ విశ్వవిద్యాలయమూ గౌరవ డాక్టరేటు ఇవ్వకపోవడం శోచనీయం. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదని, పంజాల అడుగున మాత్రమే కాస్త పడుతుందని, ఒంట్లోని వేడిని వదిలించుకోవడానికి దానికున్న ప్రధానమైన దారి నోరు తెరిచి రొప్పడమేనని పశువైద్యులు చెబుతూనే ఉన్నారు. నాలుక వెడల్పై, చిగుళ్ళు ఎర్రబడి, చొంగ చిక్కబడితే వడదెబ్బ మొదలైనట్టేనని కూడా చెబుతున్నారు. పాపం, పుస్తకాల చదువు వారిది. నాలుక ఎంత పొడవైతే ఆనందం అంత ఎక్కువ అనే సూక్ష్మం వారికి అందలేదు.

ట్రైలు, అంటే కొండల్లో నడిచే కాలిబాట, మొదలయ్యే చోట ఈ కుటుంబం ముస్తాబయ్యే తీరు నిలబడి చూడవలసినది. కుటుంబ పెద్దకు మెడ దాకా దిగే టోపీ, నల్లద్దాలు, ముఖాన తెల్లగా సన్‌స్క్రీన్, చీలమండలు దాటిన బూట్లు, ఆ బూట్లు ఒరుసుకోకుండా మందపాటి మేజోళ్ళు, వీపున నీళ్ళ సంచి, ఆ సంచి నుంచి నోటి దాకా గొట్టం, జేబులో ఓఆర్‌ఎస్ పొట్లాలు, మోకాళ్ళ మీద భారం పడకుండా రెండు చేతుల్లో రెండు కర్రలు. లడ్డూకు మాత్రం మెడలో ఒక రంగుల రుమాలు. అది మంచులో స్లెడ్జి బండ్లు లాగడానికి తరతరాలుగా పెంచిన హస్కీ జాతి. ఒంటి మీద రెండు పొరల బొచ్చు. "పద నాన్నా, డాడీతో కొండెక్కుదాం" అంటాడు కుటుంబ పెద్ద. లడ్డూ ముందు కుడి పంజా ఎత్తి దించుతుంది, తరువాత ఎడమది ఎత్తుతుంది, ఆపైన మళ్ళీ కుడిది. "ఏవండీ, డాన్సు చేస్తున్నాడు చూడండి!" అని ఇల్లాలు మురిసిపోయి ఫోను తీస్తుంది. పక్కనున్న సగువారో కాక్టస్ నీడ నేల మీద సన్నటి గీతలా పడి ఉంటే, కుక్క తన ఒంటినంతటినీ ఆ గీతలో ఇరికించుకోవాలని చూస్తుంది. "అక్కడ వెలుతురు చాలదు, కాస్త ఇటు లాగండి" అని ఆదేశం వస్తుంది. లాగుతారు.

ఈ పెద్దమనిషే వేసవిలో తిరుమల మాడవీధుల్లో, చల్లదనం కోసం వేసిన తెల్ల రంగు దాటి రవ్వంత పక్కన కాలు పడగానే, గోవింద నామం రెట్టింపు ఆర్తితో పలుకుతూ, నీళ్ళు చల్లిన పట్టా దాకా గెంతుకుంటూ పోయినవాడు. అరికాలికి ఒక న్యాయం, పంజాకు ఒక న్యాయం.

ఆరిజోనాలోని ఫీనిక్స్ నగరం 2016లోనే, ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే దాదాపు 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే తన ట్రైళ్ళ మీదికి కుక్కలను తేకూడదని నిషేధించింది. ఆ ఊళ్ళోని కామెల్‌బ్యాక్ కొండ శిఖరానికి వెళ్ళే దారుల్లోకైతే చలికాలంలోనూ వాటికి ప్రవేశం లేదు. డెత్ వ్యాలీ, జాషువా ట్రీ అనే ఎడారి జాతీయ ఉద్యానవనాల్లో కుక్క రోడ్లకూ క్యాంప్‌గ్రౌండ్లకూ పరిమితం కావలసిందే గాని దాదాపు ఏ ట్రైలూ ఎక్కకూడదు. వీటన్నిటికీ మనవారి భాష్యం ఒక్కటే: "మావాడికి అలవాటేనండీ." చోయా కాక్టస్ ముళ్ళకు ఈ అలవాటు సంగతి ఎవరూ చెప్పలేదు. వెనక్కి వంగిన కొక్కేలున్న ఆ ముళ్ళ గడ్డ పంజాకు అంటుకుంటే కుక్క నోటితో పీకబోతుంది, అప్పుడది పెదవికీ నాలుకకూ పట్టుకుంటుంది. వేళ్ళతో తీయబోతే వేళ్ళకూ పడుతుంది; దువ్వెన పళ్ళు దూర్చి ఒక్క విసురుతో ఎగరగొట్టాలి. కుటుంబ పెద్ద దగ్గర దువ్వెన లేకపోలేదు, కాని అది ఫొటోకు ముందు క్రాపు సవరించుకోవడానికి.

కుక్కతో ఎడారి చూడాలన్న కోరిక నిజమైనదే అయితే చోట్లున్నాయి. ఆరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ ఉద్యానవనం ట్రైళ్ళ మీదికి తాడు కట్టిన కుక్కను రానిస్తారు. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లోనూ రానిస్తారు; అక్కడిది జిప్సం ఇసుక గనుక మామూలు ఇసుకలా కాలదు. శీతకాలంలో, ఉదయం పూట, ఆరడుగుల తాడుతో, దానికి వేరే నీళ్ళతో వెళ్ళవచ్చు. కాని సెలవులు జూలైలో పెట్టుకున్నాం కదా!

అందుకని రెండో ఘనకార్యం: ట్రైలు మీదికి రానివ్వరు గనుక కుక్కను ఆర్‌వీలో పెట్టి, ఏసీ వేసి, తాళం వేసుకుని వెళ్ళడం. ఆ ఏసీ క్యాంప్‌గ్రౌండు కరెంటు మీదో జనరేటరు మీదో నడుస్తుంది. చాలా మోటార్‌హోముల్లో, అంటే సొంత ఇంజనున్న ఆర్‌వీల్లో, జనరేటరు బండి ట్యాంకు నుంచే ఇంధనం తీసుకుంటుంది, ట్యాంకు పావు వంతుకు దిగేసరికి ఆగిపోతుంది. బండి నడవడానికి ఇంధనం మిగలాలని చేసిన ఏర్పాటు అది. మీ కోసం చేసింది, లోపలున్న ప్రాణి కోసం కాదు. కరెంటు పెట్టెలో బ్రేకరు పడిపోయినా అంతే. తలుపు గడియ తీయడం కుక్కకు రాదు. ఫోను చేయడం రాదు. మీ అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి, తలుపు గీకి గీకి, ఆ పెట్టెలో ఉడికి చస్తుంది. దాన్ని కొడుకన్నారే! పుట్టినరోజుకు కేకు కోశారే! సంక్రాంతికి పట్టు చొక్కా కుట్టించారే! "ఒక్క గంటే కదా అనుకున్నాం" అనడానికి నోరెలా వస్తుంది? సిగ్గు లేదా?

ఆరిజోనా రాష్ట్రం 2017లో ఒక చట్టం చేసింది. తాళం వేసిన వాహనంలో పసిబిడ్డ గాని పెంపుడు జంతువు గాని ప్రాణాపాయంలో ఉన్నప్పుడు, అధికారులకు ఫోను చేసి, వారు వచ్చే దాకా అక్కడే ఉండే మనిషి అద్దం పగలగొట్టి కాపాడితే అతని మీద నష్టపరిహారం దావా చెల్లదు. జనరేటరు చప్పుడు ఆగిపోయిన ఆర్‌వీలో నుంచి కుక్క మూలుగు వినిపిస్తే, దారిన పోయేవారు ముందుగా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేసి, ఆ తరువాత చేతికందిన రాయి తీసుకోవలసిందిగా మనవి. డిపాజిట్ సంగతి కుటుంబ పెద్ద చూసుకుంటాడు.